చిత్త కార్తెలో చుట్టాలు

డాలస్ నుంచి మా అక్క కూతురు ఫోన్ చేసింది. "పిన్నీ, అక్టోబరులో వద్దామనుకుంటున్నాం. డిసెంబరు కంటే టిక్కెట్లు చవగ్గా ఉన్నాయి. అప్పటికి వానలు వెళ్లిపోతాయిగా?" అంది. "ఆఁ, పోతాయిలే, రండి" అనబోయి నాలుక కరుచుకున్నాను. మాదాపూర్లో కాపరం ఉంటున్నదాన్ని, అంత ధీమాగా ఎలా చెప్పను?

యాత్రికుల పుస్తకాలు తిరగేస్తే, హైదరాబాదు చూడటానికి అక్టోబరు నుంచీ మంచి కాలమేనని ఉంటుంది. కానీ నాలుగు వందల ఏళ్ల కిందట మచిలీపట్నంలో ఈస్టిండియా కంపెనీ వర్తకం చూసిన విలియం మెత్‌వోల్డ్ అనే ఆయన, గోల్కొండ రాజ్యం గురించి రాస్తూ ఏడాదిని మూడు భాగాలు చేశాడు. మార్చి నుంచి నాలుగు నెలలు ఎండ, జూలై నుంచి నాలుగు నెలలు వాన, మిగిలిన నాలుగూ చలి. 1626లో అచ్చయిన ఆ లెక్క ప్రకారం అక్టోబరు వానాకాలమే!

మన కార్తెలూ ఆ మాటే అంటాయి. సెప్టెంబరు చివర హస్త, అక్టోబరు రెండో వారంలో చిత్త, తర్వాత స్వాతి. అన్నీ వానకార్తెలే. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్నారు పెద్దలు. ఉత్తర కార్తెలోనూ చినుకు రాలకపోతే గంప నెత్తిన పెట్టుకుని ఊరు వదలమని. మనం వాన లేని రోజులు చూసుకుని ప్రయాణం కడతాం. వాళ్లు వాన లేకే ప్రయాణం కట్టారు!

ఇక వాన ఎక్కువైతే? 1908 సెప్టెంబరు 28. హస్త అప్పుడే ప్రవేశించింది. ఎగువన చెరువులు వరసగా తెగి మూసీ ఊరిమీద పడింది. పదిహేను వేలమంది పోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది బతికారు. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉందా చెట్టు. ఆ తర్వాతే విశ్వేశ్వరయ్యగారిని పిలిపించడం, 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తికావడం.

అదంతా పాతకథ అనుకుంటారేమో! 2020 సెప్టెంబరు 25న మా దుర్గం చెరువు మీద తీగల వంతెన తెరిచారు. ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిన చెరువది. వంతెన దీపాలు చూసి మురిసిపోయి ఇరవై రోజులు తిరక్కుండానే, అక్టోబరు 13న, చిత్త కార్తెలో, బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటి ఇటొచ్చింది. ఇరవై నాలుగు గంటల్లో బేగంపేటలో 19 సెంటీమీటర్ల వాన! మా సెల్లారులో కార్లు అద్దాలదాకా మునిగాయి. కరెంటు లేదు, లిఫ్టు లేదు. మా అత్తగారిని మూడో అంతస్తు నుంచి కుర్చీలో కూర్చోబెట్టి దింపాం. ఆవిడ మాత్రం "చిత్త కదమ్మా, చిత్తం వచ్చినట్టు కురుస్తుంది" అని తాపీగా అన్నారు. నైరుతి వెనక్కి మళ్లే వేళ బంగాళాఖాతం ఊరుకోదని ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ఇదంతా విని అక్క కూతురు, "అయితే డిసెంబరుకే మార్చుకోనా? కానీ పిల్ల బతుకమ్మ చూస్తానని ఏడాదినుంచీ గోల పిన్నీ" అంది.

అప్పుడు తట్టింది నాకు. గునుగూ తంగేడూ విరగబూసేది ఈ రోజుల్లోనే. ఆ పూలను పూయించేది ఈ వానే. బతుకమ్మను సాగనంపడానికి చెరువులు నింపేదీ ఈ వానే. డిసెంబరులో ఆకాశం తేటగా ఉంటుంది కానీ, పిల్లకు ఏ బతుకమ్మను చూపిస్తాం?

"రండే" అన్నాను. "కాకపోతే తిరుగుప్రయాణానికి ముందు రెండు రోజులు ఖాళీగా ఉంచుకో. ఆ రెండు రోజుల్లో ఏ ఊరూ పెట్టుకోవద్దు. వాన పట్టిందంటే శంషాబాద్‌కి పెందలాడే బయల్దేరాలి. పట్టుచీరలు పెట్టె అడుగున సర్దుకో, గొడుగు మాత్రం పైన పెట్టుకో!"