బ్రాంక్స్ సైన్స్: తొమ్మిది నోబెళ్ల సర్కారు బడి

నోబెల్ బహుమతులను దేశాలవారీగా లెక్కపెట్టడం మనకు అలవాటు. న్యూయార్క్‌లో ఒక సర్కారు హైస్కూలుకే విడిగా లెక్క ఉంది: తొమ్మిది. భౌతికశాస్త్రంలో ఏడుగురు, రసాయనశాస్త్రంలో ఒకరు, అర్థశాస్త్రంలో ఒకరు. అలాగని అదేమీ డబ్బున్నవాళ్ల బడి కాదు. ఫీజు లేదు, హాస్టల్ లేదు. పొద్దున సబ్‌వే రైలెక్కి వచ్చి సాయంత్రం ఇంటికి పోయే పిల్లల బడి. పేరు బ్రాంక్స్ హైస్కూల్ ఆఫ్ సైన్స్.

1938లో మొదలైంది. మహామాంద్యం దెబ్బ నుంచి అమెరికా ఇంకా కోలుకోని రోజులు. తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన యూదు కుటుంబాలతో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ ప్రాంతం నిండి ఉండేది. చేతిలో సొమ్ము ఆడకపోయినా పిల్లల చదువు దగ్గర మాత్రం వెనక్కి తగ్గని ఇళ్లవి. నగర విద్యామండలి సైన్సు కోసమే ఒక బడి పెట్టి మోరిస్ మైస్టర్‌ను ప్రిన్సిపాల్‌గా వేసింది. ఆయన ఇరవై ఏళ్లు ఆ కుర్చీలోనే ఉన్నారు. బడి మాత్రం 1959 దాకా పాత భవనంలోనే నడిచింది. గొప్ప బడికి గొప్ప కట్టడం ఉండాలనేవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. 1941లో చదువు ముగించిన తొలి బ్యాచ్‌లోని రాయ్ గ్లౌబర్, పద్దెనిమిదేళ్లకే లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో చేరాడు. ఆయనకు నోబెల్ వచ్చింది 2005లో, ఎనభయ్యో పడిలో.

అసలు కథ 1950 బ్యాచ్‌ది. షెల్డన్ గ్లాషో తండ్రి రష్యా నుంచి వచ్చి ప్లంబింగ్ వ్యాపారం పెట్టుకున్నవాడు. గ్లాషో, స్టీవెన్ వైన్‌బర్గ్, గెరాల్డ్ ఫైన్‌బర్గ్ ఒకే తరగతి. రైల్లో వస్తూ పోతూ పోటీపడి ఫిజిక్స్ నేర్చుకునేవాళ్లమని గ్లాషో తరవాత రాసుకున్నాడు. అప్పట్లో బడి లెక్కలు ఘన జ్యామితితో సరి. కాలిక్యులస్ పాఠాల్లో లేదు. అది గ్లాషోకు చెప్పింది టీచర్ కాదు, డాన్ గ్రీన్‌బర్గర్ అనే తోటి కుర్రాడు. అదీ క్లాసులో కాదు, మధ్యాహ్నం తిండి తినే హాల్లో! విద్యుదయస్కాంత బలానికీ బలహీన బలానికీ మూలం ఒకటేనని తేల్చినందుకు 1979లో గ్లాషో, వైన్‌బర్గ్‌లకు పాకిస్తాన్ శాస్త్రవేత్త అబ్దుస్ సలాంతో కలిపి నోబెల్ ఇచ్చారు. కాంతిని మించిన వేగంతో పోయే ఊహా కణానికి టాకియాన్ అని పేరు పెట్టింది ఫైన్‌బర్గ్. ఇక గ్రీన్‌బర్గర్ పేరు క్వాంటం భౌతికశాస్త్రంలో జీహెచ్‌జెడ్ స్థితిలోని మొదటి అక్షరంగా నిలిచింది. నోబెళ్ల లెక్కలోకి రాలేదంతే. ఆ బడి గొప్పతనం ల్యాబుల్లో కన్నా ఇలాంటి నలుగురిని ఒక గదిలో కూర్చోబెట్టడంలో ఉందని నాకనిపిస్తుంది.

1946 దాకా ఆడపిల్లలకు అందులో చోటు లేదు. 1963లో అక్కడ చదువు ముగించిన క్లాడియా గోల్డిన్‌కు 2023లో అర్థశాస్త్ర నోబెల్ దేనికొచ్చిందో తెలుసా? ఉద్యోగాల్లో ఆడవాళ్ల స్థితిగతులను శతాబ్దాల వెనక్కి వెళ్లి శోధించినందుకు.

అందరూ సైంటిస్టులే అయ్యారనుకోకండి. నవలాకారుడు డాక్టరో, గాయకుడు బాబీ డారిన్ ఆ బడివాళ్లే. ట్రినిడాడ్‌లో పుట్టి 1960లో అక్కడ చదువు ముగించిన స్టోక్లీ కార్మైకేల్ 1966లో నల్లజాతివాళ్ల ఉద్యమంలో బ్లాక్ పవర్ నినాదంతో దేశాన్ని కుదిపేశాడు.

బడిలో సీటు ఎవరికన్నదే ఎడతెగని తగవు. 1971లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం చేసి, ప్రవేశానికి పరీక్ష ఒక్కటే దారి అని ఖాయం చేసింది. ఆ పరీక్ష కోసం ఎనిమిదో తరగతి పిల్లలు కోచింగ్‌ల చుట్టూ తిరిగే గొడవ మనకు కొత్త కాదుగా! ఒకప్పుడు యూదు పిల్లలు ఎక్కువగా కనిపించిన బెంచీల్లో ఇప్పుడు ఆసియా మూలాల పిల్లలదే పెద్ద భాగం. నల్లజాతి, లాటినో పిల్లలు మాత్రం నగరంలోని వాళ్ల సంఖ్యతో పోలిస్తే మరీ తక్కువ. ఆ పరీక్షను ఎత్తేయాలని 2018లో మేయర్ డి బ్లాసియో పట్టుబట్టారు. ఆసియా తల్లిదండ్రులు వీధికెక్కారు. చట్టం మార్చాల్సింది ఆల్బనీలోని రాష్ట్ర శాసనసభ. అది కదల్లేదు.