దిగ్బోయి తైలకూపము

అస్సాము తూర్పుకొసను, పట్కాయి కొండలకు దిగువ, బుఢీ దిహింగు నదీతీరమున నేలలోనుండి నల్లని జిడ్డుద్రవమొకటి తనంత తానే యూరుచుండుటను విల్కాక్సు అను ఆంగ్ల సైనికోద్యోగి 1825లో చూచి వ్రాసియుంచెను. అతఁడు చూచినదే మొదలని చరిత్రకారులు లెక్క ప్రారంభింతురు గాని, తరతరములుగా ఆ యడవినే యిల్లుగాఁ జేసికొన్న వనవాసుల ముక్కులకు ఆ వాసన సోఁకియుండలేదని తలంచుట నాకు సమ్మతము గాదు.

అమెరికాలో పెన్సిల్వేనియా మండలమునందు డ్రేకు అను నతఁడు 1859లో బోరు వేసి, డెబ్బది అడుగులైన నిండకమునుపే రాతినూనెను చేఁజిక్కించుకొనఁగా, ఆ వార్త సముద్రములు దాఁటి కలకత్తా వర్తకుల చెవిని బడెను. మెకిల్లప్ స్టూవర్టు కంపెనీకి చెందిన గుడెనఫ్ 1866లో ఎగువ అస్సామునందు త్రవ్వకములకుఁ బూని, మరుసటి యేఁడు మార్చి 26వ తేదీన మాకుము చెంత 118 అడుగుల లోఁతున నూనెను గనెను. యంత్రముతో వేసిన బోరున నూనె పడుట ఆసియాఖండమున అదియే ప్రథమమని చెప్పుదురు. అయినను ఆ ప్రయత్నము నిలువలేదు. నూనె పడుట వేఱు, పడిన నూనె బజారు చేరుట వేఱు. పీపాయొకటి కదలింపవలెనన్న దారిలేని కీకారణ్యమున, ఎంత ధనము నేలలోనున్నను అది లేనిదానితో సమానమే గదా!

ఆ దారిని తెచ్చినది రైలు. 1881లో ఏర్పడిన అస్సాము రైల్వే వ్యాపార సంఘమువారు బొగ్గుకొఱకును, తేయాకుకొఱకును, కలపకొఱకును డిబ్రూఘరునుండి మార్గరీటా దిక్కునకు పట్టాలు వేయించుచుండఁగా, దుంగలు లాగి తిరిగివచ్చిన యేనుఁగుల పాదములకు నల్లని జిడ్డంటియుండెననియు, ఆ యడుగుజాడలను బట్టి పోయి నూనెయూటను కనుఁగొనిరనియు నొక కథ కలదు. ‘త్రవ్వుము, అబ్బాయీ!’ అను నర్థమున ‘డిగ్, బాయ్!’ అని దొర యింగ్లీషున కేక వేయఁగా ఊరికి దిగ్బోయి యను పేరు వచ్చెనన్నది దానికి తోఁబుట్టువైన కథ. ఏనుఁగుల ముచ్చట నిజమైన కావచ్చును. పేరు మాట నేను నమ్మను. దిహింగు, డిబ్రూ, దిసాంగు, దిఖౌ — ఆ సీమలో పెక్కు ఏఱులు ‘ది’తో మొదలగుచున్నవి, అస్సామునందలి దిమాసా భాషలో ఆ మాటకు నీరని యర్థము. దొర రాకమునుపే అక్కడ నొక వాఁగున్నది, దానికొక పేరున్నది.

సంఘమున ఇంజనీరుగా నుండిన లేకు అను నతఁడు పట్టువిడువక యజమానులనొప్పించి, 1889 సెప్టెంబరులో మొదటి బావికి బోరు మొదలుపెట్టించెను. బాయిలరును, ఇనుపసామగ్రిని అడవిలోనికి చేర్చినవి ఏనుఁగులును, కూలీల భుజములును. దూలములతో గోపురమువలె కట్టిన యెత్తైన చట్రమునుండి, మోకునకు వ్రేలాడు బరువైన ఇనుప ఉలిని ఆవిరియంత్రము పైకెత్తి విడుచుచుండఁగా, అది మరల మరల పడి రాతిని పిండి చేయును. కొంత దిగినపిమ్మట ఉలిని పైకి లాగి, నీటితో కలిసి బురదయైన ఆ పిండిని పొడవైన గొట్టపుచేదతో తోడి పాఱఁబోసి, ప్రక్కలు కూలకుండ ఇనుపగొట్టములు దింపి, మరల ఉలిని జాఱవిడువవలెను. అట్టి బోరు వేయు మేస్త్రీ మోకుపై అరచేయి యుంచి, నాడి చూచు వైద్యునివలె, అడుగున తగులుచున్నది మెత్తని బంకమన్నో గట్టి యిసుకరాయో ఆ యదురునుబట్టి గ్రహించును. ఆ చేతులలో నెన్నింటి పేర్లు చరిత్రకెక్కినవి? లేకు పేరు నిలిచినది, కథలో ఏనుఁగులును నిలిచినవి. బురద తోడినవారు నిలువలేదు.

పదునాలుగు నెలల శ్రమ. సగటున దినమునకు రెండడుగులైన సాగలేదు. 1890 నవంబరున 662 అడుగుల లోఁతుతో బావి పూర్తియయ్యెను. దానినుండి లభించినది దినమునకు ఇన్నూఱు గ్యాలనులు మాత్రమే. అయినను ఆ కొంచెమే తరువాతి బావులకు ధైర్యమిచ్చెను. 1899లో అస్సాము ఆయిలు కంపెనీ యేర్పడెను. 1901లో దిగ్బోయియందే శుద్ధికర్మాగారము వెలసి, అడవిలో ఊరిన నూనె కిరసనాయిలై దీపములకెక్కెను. ఆ కర్మాగారము నేఁటికిని పనిచేయుచున్నది. మొదటి బావిని పూడ్చివేయక, దాని చెంతనే యొక ప్రదర్శనశాల నెలకొల్పి కాపాడుచున్నారు.