సోది నుంచి గోప్యతా హక్కు దాకా: నెల్లూరు తీరంలో మనోవేదన విన్నవారి చరిత్ర

నెల్లూరు జిల్లా బోగోలు మండలంలోని జువ్వలదిన్నె సముద్రపు వేటపై ఆధారపడిన తీరగ్రామం. మాటల ద్వారా మానసిక చికిత్స చేసే థెరపిస్టు ఎదుట కూర్చుని, తన బాధను తానే విప్పి చెప్పుకోవడం ఇటువంటి ఊళ్లకు కొత్త ఆచారం. అంతకుముందు బాధను వినే వ్యవస్థలు లేవని దీని అర్థం కాదు; వాటిలో మాట్లాడే బాధ్యత ప్రధానంగా బాధితుడిది కాదు.

తెలుగు నేలమీద చిరకాలంగా ఉన్న సోది ఇందుకు మంచి ఉదాహరణ. ఎరుకల స్త్రీ ధాన్యం పోసిన చేటను ముందుంచుకుని, దేవతలను తలచి, చనిపోయినవారి గొంతుతో ఇంటి కష్టాన్ని పలుకుతుంటే, చుట్టూ కూర్చున్న బంధువులు అవునని, కాదని బదులిస్తారు. ఇంట్లోవాళ్లు నోరు తెరిచి అనలేని దుఃఖం అక్కడ ఇంకొకరి నోట బయటపడుతుంది. తగవులైతే కులపెద్దల ముందుకు వెళ్లేవి. మతి చలించిందనుకున్నవారిని జిల్లాలోని అనుమసముద్రంపేట దర్గాకు తీసుకువెళ్లడం నేటికీ ఉంది. ఈ మార్గాలు మనిషిని ఒంటరిగా వదలలేదు గాని, బాధను నలుగురి నడుమే ఉంచాయి, రహస్యానికి చోటివ్వలేదు.

నెల్లూరు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1871లో మద్రాసు కిల్పాక్‌లో మానసిక వైద్యశాల వెలసింది. తరువాత వచ్చిన 1912 నాటి చట్టం ప్రకారం సాధారణంగా బంధువు అర్జీ పెట్టుకోగా, వైద్యులు ధ్రువపత్రాలిస్తే, మేజిస్ట్రేటు ఉత్తర్వుతో రోగిని చేర్చుకునేవారు. కనుక వైద్యశాల గడప దాటేసరికి రోగి గురించి పలువురు మాట్లాడి ఉండేవారు. రోగి మాటకు మాత్రం ఆ కాగితాల్లో అంతగా విలువ ఉండేది కాదు.

భారతీయ రోగి వైద్యుణ్ణి గురువుగా భావించి, ఆయన నోట మార్గం వినాలని ఎదురుచూస్తాడని గమనించిన మనోవైద్యుడు జె.ఎస్. నేకి, గురుశిష్య సంబంధాన్నే చికిత్సకు నమూనాగా తీసుకోవచ్చని 1973లో ప్రతిపాదించారు. సోది వినడానికి అలవాటుపడిన తీరగ్రామాలకు ఈ పరిశీలన బాగా వర్తిస్తుంది. అడగకుండానే అన్నీ తెలుసుకునేవాడే గొప్పవాడన్న నమ్మకం ఉన్నచోట, థెరపిస్టు ప్రశ్న అజ్ఞానంగానూ రోగి మౌనం గౌరవంగానూ చెల్లుబాటవుతాయి.

2004 డిసెంబర్ 26 నాటి సునామీ ఆంధ్ర తీరంలో వందకు పైగా ప్రాణాలు తీసుకుంది. ఇలాంటి విపత్తుల కోసం, 1984 నాటి భోపాల్ దుర్ఘటన మొదలు బాధితుల నడుమ పనిచేస్తూ వచ్చిన బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ, ఊరి కార్యకర్తలకే శిక్షణ ఇచ్చి వినడం నేర్పే పద్ధతిని రూపొందించింది. గుండెలోని భారాన్ని బయటికి చెప్పనివ్వడం, సహానుభూతితో చెవియొగ్గడం, బంధుమిత్రుల అండ కూడగట్టడం, దైవచింతనకు చోటివ్వడం అందులోని ముఖ్యాంశాలు. ఇక్కడ మాట్లాడవలసినవాడు బాధితుడు, ఓర్పుతో వినవలసినవాడు కార్యకర్త. సోదిలోని వరుస పూర్తిగా తారుమారైంది.

ఈ మార్పుకు చట్టబలం 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంతో చేకూరింది. 2017లో ఆమోదం పొందిన ఈ చట్టం రోగికి గోప్యతను, అంటే చికిత్సలో తెలిసిన సంగతులు బయటికి పొక్కకుండా కాపాడుకునే అధికారాన్ని, హక్కుగా ఇచ్చింది. ఇతరుల ప్రాణానికి ముప్పు, న్యాయస్థానం ఉత్తర్వు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నాయి గనుక, ఏ సంగతి ఎక్కడ ఆగుతుందో మొదటి సమావేశంలోనే అడిగి తెలుసుకోవడం మర్యాదకు లోపం కాదు. చికిత్స పనిచేయడం లేదనిపించినా, థెరపిస్టు మాట నొప్పించినా, ఆ సంగతిని ఆయన ముఖంమీదే చెప్పడమూ చికిత్సలో భాగమే.

ఫోన్‌లో మానసిక సాయం అందించేందుకు 2022 అక్టోబర్ 10న ఆరంభమైన ప్రభుత్వ టెలీ మానస్ సేవ 14416 నంబరులో తెలుగులోనూ అందుతోంది. పక్కింటివారికి తెలియకుండా మాట్లాడే వీలు తీరంలోని మత్స్యకారులకు ఈనాడు చేతిలో ఉంది. దాన్ని వాడుకోవలసిందిగా వారికి చెప్పడం, చెప్పినది విని దాచుకోవడం చదువుకున్నవారందరి బాధ్యత.