బీజెడ్‌సీ నుంచి బడి దాకా

డిగ్రీలో వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం చదివిన అమ్మాయి ఎనిమిదో తరగతికి బయాలజీ చెప్పడానికి మళ్లీ బీఎడ్ ఎందుకు చదవాలి? జిల్లా పరిషత్ హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పినన్నాళ్లూ తల్లిదండ్రులు నన్ను ఈ మాట అడుగుతూనే ఉన్నారు. నా దగ్గర జవాబుంది. అయితే అది నా అనుభవం ఒక్కదాంట్లోంచి వచ్చింది కాదు. ఈ చదువు పుట్టి పెరిగిన తీరులోనే ఉంది.

1854 నాటి ఉడ్స్ డెస్పాచ్ ఉపాధ్యాయులకు శిక్షణ కావాలని గట్టిగా చెప్పింది. రెండేళ్లకే, 1856లో, మద్రాసులో ప్రభుత్వ నార్మల్ స్కూలు మొదలైంది. అదే తర్వాత సైదాపేట టీచర్స్ కాలేజీ అయింది. మద్రాసు విశ్వవిద్యాలయం ఇచ్చే ఎల్.టి. పట్టా కోసం తెలుగు జిల్లాల పట్టభద్రులు అక్కడికి రైలెక్కేవారు. ప్రెసిడెన్సీ కాలేజీలో ఉద్యోగంలో చేరిన కొత్తలో సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా సైదాపేటలో ఆ శిక్షణ పొందారు. ఆంధ్ర ప్రాంతంలో రాజమండ్రి ట్రైనింగ్ కాలేజీకి అలాంటి పేరే ఉండేది. 1904లో కర్జన్ ప్రభుత్వం చేసిన విద్యా తీర్మానం రెండు మాటలు తేల్చింది: పట్టభద్రులకు ఏడాది శిక్షణ చాలు, ప్రతి ట్రైనింగ్ కాలేజీకీ అనుబంధంగా ఒక బడి ఉండాలి. మొదటి మాట నూరేళ్లకు పైగా నిలిచింది. రెండోదాన్ని మాత్రం తరచూ మరిచిపోయాం. నా దృష్టిలో ఈ చరిత్రకంతటికీ కీలకం ఆ రెండో మాటే.

అప్పటికి హైస్కూల్లో బయాలజీ టీచరు అనే మనిషే లేడు. కింది తరగతుల్లో ప్రకృతి పరిశీలన, పై తరగతుల్లో అన్నీ కలిపిన సైన్సు ఉండేవి. స్వాతంత్ర్యం వచ్చాక, 1952-53లో లక్ష్మణస్వామి మొదలియార్ అధ్యక్షతన పనిచేసిన మాధ్యమిక విద్యా కమిషన్ జనరల్ సైన్సు అందరూ చదవాలంది. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఇంకో అడుగు వేసి, మొదటి పదేళ్ల చదువులో సైన్సు, లెక్కలు తప్పనిసరి చేయాలంది. మన హైస్కూళ్లలో సైన్సు రెండు పేపర్లుగా విడిపోయాక టీచర్లు కూడా పీఎస్ వాళ్లు, ఎన్ఎస్ వాళ్లు అని వేరయ్యారు. ఫిజిక్సు, కెమిస్ట్రీ ఒకరివి. మొక్కలు, జంతువులు, మన ఒళ్లు మా వంతు. బీజెడ్‌సీ చదివిన వాళ్లకు హైస్కూల్లో సొంత చోటు దొరికింది అలాగే.

ఈ మార్పుల మధ్యలోనే ఒక ధైర్యమైన ఆలోచన వచ్చింది. 1961లో ఏర్పడిన ఎన్‌సీఈఆర్‌టీ, 1963లో అజ్మీర్, భోపాల్, భువనేశ్వర్, మైసూరులలో ప్రాంతీయ విద్యా కళాశాలలు తెరిచింది. ముందు సబ్జెక్టు, తర్వాత బోధన అని విడదీయకుండా నాలుగేళ్లూ రెండూ కలిపి నేర్పడం వాటి పద్ధతి. దక్షిణాదికి మైసూరు. మన పిల్లలు అక్కడికి వెళ్లి బీఎస్సీ ఎడ్ చేసి వచ్చేవారు. కణవిభజన చదివే రోజుల్లోనే దాన్ని తొమ్మిదో తరగతి పిల్లలకు ఎలా చూపించాలో కూడా ఆలోచించే చదువు అది. అలాంటి కాలేజీలు జిల్లాకొకటి వచ్చి ఉంటే మన బడుల తీరే వేరుగా ఉండేదని నా నమ్మకం.

నేను మాత్రం 1980లలో మామూలు దారిలో, డిగ్రీ అయ్యాక, ఏడాది బీఎడ్ చదివాను. ఆ ఏడాదిలో ఎన్నో కాలాల ఆలోచనలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉండేవి. పాఠం నడకలో జర్మన్ తత్వవేత్త హెర్బార్ట్ శిష్యుల సోపానాలు: సన్నాహం, ప్రదర్శన, సంసర్గం, సాధారణీకరణం, అన్వయం. లక్ష్యాల్లో 1956 నాటి బ్లూమ్ వర్గీకరణ నీడ: జ్ఞానం, అవగాహన, వినియోగం, నైపుణ్యం. వాటి కింద స్పష్టీకరణలు. వీటికి తోడు 1960లలో స్టాన్‌ఫర్డ్‌లో పుట్టిన సూక్ష్మబోధన. మన దేశంలో దాన్ని 36 నిమిషాల చక్రంగా మలిచారు: ఆరు నిమిషాలు బోధన, ఆరు నిమిషాలు విమర్శ, పన్నెండు నిమిషాల్లో పాఠం మళ్లీ అల్లుకోవడం, ఆరు నిమిషాలు మళ్లీ బోధన, ఆరు నిమిషాలు మళ్లీ విమర్శ. ఎదురుగా కూర్చునేది తోటి విద్యార్థులే. ఒకరోజు ప్రశ్నలు అడిగే నైపుణ్యం, ఒకరోజు నల్లబల్ల వాడే నైపుణ్యం. ఒక్కో పనిని విడదీసి చూసుకోవడం అక్కడ అలవాటైంది.

అసలు చదువు మాత్రం టీచింగ్ ప్రాక్టీసుకు పంపిన హైస్కూల్లో జరిగింది. ఆకులో పిండిపదార్థం తయారవ్వాలంటే వెలుతురు కావాలని చూపించే పాఠం నాకు పడింది. పాఠ్య పథకం చూసి అక్కడి సీనియర్ సైన్సు మేడమ్ అన్నారు: "అమ్మాయీ, సోమవారం పాఠమంటే శనివారమే కుండీ చీకటి గదిలో పెట్టాలి. ఆకులో పాత పిండి అంతా ఖర్చయిపోవాలి. నీ పథకంలో 45 నిమిషాలే ఉన్నాయి, మొక్కకు రెండు రోజులు కావాలి." సోమవారం పొద్దున్నే ఒక ఆకుకు నల్ల కాగితం పట్టీ బిగించి కుండీని ఎండలో పెట్టాం. మధ్యాహ్నం క్లాసులో ఆకును ముందు నీళ్లలో మరిగించి, తర్వాత పరీక్షనాళికలో స్పిరిట్ పోసి అందులో వేశాం. స్పిరిట్‌ను మంట మీద పెట్టకూడదు, వేడినీళ్ల బీకరులోనే ఉంచాలి. పచ్చదనమంతా స్పిరిట్‌లోకి దిగి ఆకు తెల్లబడింది. కడిగి, పళ్లెంలో పరిచి అయోడిన్ చుక్కలు వేస్తే ఆకంతా నల్లటి నీలం, పట్టీ ఉన్నచోట మాత్రం అయోడిన్ రంగే. వెనక బెంచీ కుర్రాడు లేచి, "టీచర్, వరి పాలు పోసుకునేటప్పుడు మబ్బు పడితే తాలు ఎక్కువని మా నాన్న అంటాడు, ఇందుకేనా?" అన్నాడు. పాఠ్య పథకంలో 'వినియోగం' అని నేను రాసుకున్న గడికి ఆ డెల్టా పిల్లవాడు ప్రాణం పోశాడు.

డిగ్రీ ఇచ్చేదీ బీఎడ్ ఇచ్చేదీ ఎక్కడ వేరవుతాయో ఆ గదిలో తెలిసింది. కిరణజన్య సంయోగక్రియ నాకు ముందే తెలుసు. దాన్ని ఒక పీరియడ్‌లో, ఒక ఊరి పిల్లల ముందు, వాళ్ల పొలం దాకా తీసుకెళ్లే దారి అక్కడ దొరికింది.

జంతుశాస్త్రం వైపు కథ ఇంకొకటి. మా డిగ్రీలో మైనపు ట్రేలో కప్పను గుండుసూదులతో పరిచి కోయడం రోజువారీ ప్రాక్టికల్. టీచర్లయ్యాక అదే పని చాలామంది పిల్లల ముందు చేసి చూపేవారు. కప్ప కాళ్ల ఎగుమతిని 1987లో దేశం ఆపేసింది. 2011లో యూజీసీ కాలేజీల్లో డిసెక్షన్లు క్రమంగా మానేయాలంది. మంచి నిర్ణయం. దాంతో మేం మాంసం కొట్టు నుంచి మేక గుండె తెప్పించుకోవడం మొదలుపెట్టాం. పిల్లలు చీపురు పుల్లను రక్తనాళంలో దూర్చి అది ఏ గదిలో తేలుతుందో చూస్తారు. ఎడమ జఠరిక గోడ ఎంత మందమో వేళ్లతో నొక్కి పట్టుకుంటారు. అంత మందం ఎందుకో వాళ్లే చెబుతారు: ఒళ్లంతటికీ నెత్తురు తోసేది అదే కదా.

ఈ చదువుకు పెద్ద దెబ్బ తగిలింది నా ఉద్యోగ కాలంలోనే. ప్రైవేటు బీఎడ్ కాలేజీలు ఊరూరా వెలిశాయి. కొన్నింటిలో హాజరు కాగితం మీదే ఉండేది. నా దగ్గరికి ప్రాక్టీసుకు వచ్చిన కొందరు పాఠాల రికార్డు మాత్రమే తెచ్చారు, దాని మీద సంతకం చాలన్నారు. అలాంటి రికార్డు మీద నేను సంతకం చేయలేదు. దేశమంతటా ఇలాంటి పరిస్థితే ఉండబట్టి, 1993 చట్టంతో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ)కి అధికారాలిచ్చారు. సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లో నివేదిక ఇచ్చింది. 2014 నిబంధనలతో బీఎడ్ రెండేళ్లయింది, బడిలో ఇంటర్న్‌షిప్ 20 వారాలయింది. 1904 నాటి ఏడాది లెక్క అలా మారింది.

2020 జాతీయ విద్యా విధానం నాలుగేళ్ల సమీకృత కోర్సునే ప్రధానం చేసింది. మైసూరులో 1963లో వేసిన విత్తనమే ఇది. మూడేళ్ల డిగ్రీ వాళ్లకు రెండేళ్ల బీఎడ్, నాలుగేళ్ల డిగ్రీ లేక పీజీ ఉన్నవాళ్లకు ఏడాది బీఎడ్ అని కూడా అందులో ఉంది. కోర్సు ఎన్నేళ్లన్నది ఇంకా మారుతుంది. అధికారులకూ కాలేజీలకూ నేను చెప్పేది ఒక్కటే: ఇంటర్న్‌షిప్‌లో ఎన్ని పాఠాలు రాశారన్న లెక్క చాలదు. ఎన్ని ప్రయోగాలు పిల్లల చేత చేయించారో, ఎన్ని ప్రశ్నలు పిల్లల నోట వచ్చాయో చూసి మార్కులు వేయండి. ట్రైనీలను మంచి సైన్సు టీచరున్న బడికే పంపండి, ఆ టీచరుకు తీరికా గౌరవమూ ఇవ్వండి. బయాలజీ టీచరు తయారయ్యేది అలాంటి బడిలోనే.