బహిరంగ ప్రదేశాలలో ధూమపాన నిషేధం - కృష్ణా డెల్టాలో ప్రజాస్పందన

బహిరంగ ప్రదేశాలలో ధూమపాన నిషేధం అనగా ప్రజలు కూడే భవనాలు, గదులు మరియు వాహనాలలో సిగరెట్టు, బీడీ, చుట్ట మొదలైనవి కాల్చడాన్ని చట్టరీత్యా నివారించడం. భారతదేశంలో ఈ నిషేధం 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు, కార్యాలయాలు, హోటళ్ళు, బార్లు మరియు పబ్బులకు కూడా విస్తరించినది. విజయవాడ మరియు కృష్ణా డెల్టా ప్రాంతంలో ఈ నిషేధానికి ప్రత్యేకత కలదు. ఇక్కడి ప్రజలు పొగాకును వాడేవారు మాత్రమే కాదు. డెల్టాకు పడమటి అంచున గల గుంటూరు పొగాకు వ్యాపారానికి పెద్ద కేంద్రం. కావున ఈ చట్టంపై స్పందనలో ఆరోగ్యం ఒక వైపు, జీవనోపాధి మరొక వైపు కనిపిస్తాయి.

నేపథ్యం

పొగాకు మొక్క అమెరికా ఖండానికి చెందినది. పోర్చుగీసువారి ద్వారా ఇది భారతదేశానికి చేరింది. గోదావరి, కృష్ణా నదుల మధ్య ఏర్పడిన ఇసుక దిబ్బలను లంకలు అంటారు. ఒండ్రు మట్టి గల ఈ లంకలలో పండే "లంక పొగాకు" చుట్టలకు ప్రసిద్ధి. కోస్తా గ్రామాలలో చుట్ట కాల్చడం పూర్వం పురుషులకే పరిమితం కాలేదు. వ్యవసాయ కూలీ స్త్రీలు, వృద్ధురాళ్ళు కూడా కాల్చేవారు. ఉత్తర కోస్తాలో నిప్పు ఉన్న కొసను నోటి లోపల ఉంచుకొని కాల్చే పద్ధతి ఉన్నది. దీనిని అడ్డపొగ అంటారు. ఈ అలవాటు వలన అంగిలి కాన్సరు వస్తున్నదని విశాఖపట్నం వైద్యులు 1950వ దశకంలోనే గుర్తించి ప్రకటించారు.

గురజాడ అప్పారావు రచించిన కన్యాశుల్కం నాటకంలో గిరీశం చుట్ట కాల్చడాన్ని గొప్ప విద్యగా సమర్థించే సన్నివేశం తెలుగువారందరికీ పరిచితం. పొగత్రాగడం నాగరికతకు, మగతనానికి గుర్తు అనే భావనను ఆ నాటకం ఎగతాళి చేసినా, ఆ భావన సమాజంలో చాలాకాలం నిలిచి ఉన్నది.

1920వ దశకంలో గుంటూరు ప్రాంతపు నల్లరేగడి భూములలో సిగరెట్లకు పనికివచ్చే వర్జీనియా పొగాకు సాగు మొదలైనది. దీని తరువాత ఆకును పొగగొట్టాల వేడితో ఆరబెట్టే బ్యారన్లు, ఆకును వేరుచేసే గ్రేడింగు కేంద్రాలు వెలసి వేలాది కూలీలకు, ముఖ్యంగా స్త్రీలకు, పని కల్పించాయి. భారత పొగాకు బోర్డు 1976లో ఏర్పడగా, దాని ప్రధాన కార్యాలయం గుంటూరులో ఉన్నది.

చట్టాల పరిణామం

రైలుపెట్టెలలో పొగత్రాగడంపై రైల్వే చట్టం, 1989 లోని 167వ సెక్షను ఆంక్షలు విధించినది. ఆర్టీసీ బస్సులలోను, సినిమా హాళ్ళలోను "పొగ త్రాగరాదు" అనే హెచ్చరిక అంతకు ముందు నుండి ఉన్నదే. అయితే దానిని చదివినవారి కంటే పాటించినవారు తక్కువ.

* 1999 - బహిరంగ స్థలాలలో ధూమపానం పొగత్రాగనివారి జీవించే హక్కుకు భంగకరమని కేరళ హైకోర్టు తీర్పు ఇచ్చినది.
* 2001 నవంబరు 2 - మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు దేశమంతటా ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, ప్రభుత్వ కార్యాలయాలు, ప్రజా రవాణా వాహనాలు మొదలైన చోట్ల ధూమపానాన్ని నిషేధించినది.
* 2002 - ఆంధ్రప్రదేశ్ ధూమపాన నిషేధ మరియు ఆరోగ్య పరిరక్షణ చట్టం వచ్చినది.
* 2003 - పార్లమెంటు సిగరెట్లు మరియు ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని చేసినది. బహిరంగ ధూమపానానికి సంబంధించిన దీని 4వ సెక్షను 2004 మే 1 నుండి అమలులోకి వచ్చినది.
* 2008 అక్టోబరు 2 - కొత్త నియమావళి అమలులోకి వచ్చినది. అప్పటి కేంద్ర ఆరోగ్యశాఖ మంత్రి అన్బుమణి రాందాస్ దీనికై పట్టుబట్టారు. సిగరెట్టు కంపెనీ మరియు హోటళ్ళ యాజమాన్యాలు న్యాయస్థానాలకు వెళ్ళినా, నియమావళిని నిలిపివేయడానికి సుప్రీంకోర్టు 2008 సెప్టెంబరు చివరలో నిరాకరించినది.

ముఖ్య నియమాలు

చట్టాన్ని ఉల్లంఘించినవారికి గరిష్ఠంగా 200 రూపాయల జరిమానా విధించవచ్చును. నిషేధిత స్థలం ప్రవేశద్వారం వద్ద 60 సెంటీమీటర్ల పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు గల హెచ్చరిక బోర్డు ఉండాలి. ఫిర్యాదు ఎవరికి చేయాలో ఆ బోర్డుపై తెలపాలి. యజమాని బూడిద గిన్నెలు, అగ్గిపెట్టెలు, లైటర్లు అందుబాటులో ఉంచరాదు. జరిమానా వసూలు చేసే అధికారం పోలీసులకే గాక స్టేషను మాస్టర్లు, పోస్టుమాస్టర్లు, పాఠశాల ప్రధానోపాధ్యాయులు మొదలైనవారికి కూడా ఇవ్వబడినది. 18 సంవత్సరాలలోపు వారికి, అలాగే విద్యాసంస్థలకు 100 గజాలలోపున పొగాకు ఉత్పత్తులు అమ్మరాదని అదే చట్టం చెప్పుచున్నది.

30 లేదా అంతకంటే ఎక్కువ గదులు గల హోటళ్ళలో, 30 లేదా అంతకంటే ఎక్కువ మంది కూర్చోగల రెస్టారెంట్లలో, విమానాశ్రయాలలో మాత్రం గాలి బయటకు పోయే ఏర్పాటుతో మూసిన ప్రత్యేక గదిని పొగత్రాగేవారికి కేటాయించవచ్చును.

ప్రజల స్పందన

సమర్థన

బస్సులలో, రైళ్ళలో ప్రయాణించే స్త్రీలు, చిన్నపిల్లల తల్లులు, ఉబ్బసం వ్యాధిగ్రస్తులు ఈ నిషేధాన్ని స్వాగతించారు. కిక్కిరిసిన పల్లెవెలుగు బస్సులో చుట్ట వెలిగించిన పెద్దమనిషిని "ఆర్పండి" అని అడగడానికి పూర్వం చాలామంది జంకేవారు. వయసుకు, హోదాకు ఇచ్చే మర్యాద అడ్డు వచ్చేది. చట్టం వచ్చిన తరువాత కండక్టరుకు, తోటి ప్రయాణికునికి అడిగే ధైర్యం కలిగినది. ఈ చట్టం సాధించిన పెద్ద మార్పు జరిమానా కాదు, ఈ ధైర్యమే అని చెప్పవచ్చును.

బార్లలో, హోటళ్ళలో పనిచేసే సర్వర్ల విషయం సాధారణంగా చర్చకు రాదు. వినియోగదారుడు గంటసేపు కూర్చొని వెళ్ళిపోతాడు. సర్వరు రోజంతా అదే గాలి పీల్చవలసి ఉంటుంది. పబ్బులలో నిషేధం కోరిన పలు దేశాలలో కార్మికుల ఆరోగ్యం ఒక ముఖ్య వాదన అయినది.

వ్యతిరేకత

పొగత్రాగేవారిలో కొందరు దీనిని వ్యక్తి స్వేచ్ఛపై దాడిగా భావించారు. అమ్మకానికి అనుమతి ఇచ్చి, పన్ను వసూలు చేసుకుంటూ, కాల్చడాన్ని నేరమనడం ఏమి న్యాయమని వారి ప్రశ్న. దీనికి సమాధానంగా, చట్టం కాల్చడాన్ని నిషేధించలేదని, ఇతరులు పీల్చవలసిన చోట కాల్చడాన్ని మాత్రమే నిషేధించినదని సమర్థకులు చెబుతారు.

హోటలు యజమానుల అభ్యంతరం వేరు. ప్రత్యేక గది కట్టుకునే వెసులుబాటు పెద్ద హోటళ్ళకే ఉన్నది. 30 మందికి తక్కువ కూర్చునే చిన్న రెస్టారెంటుకు ఆ అవకాశం లేదు. దీనివలన చిన్నవారికి అన్యాయం జరుగుతున్నదని ఒక వాదన.

పొగాకు రైతుల ఆందోళన బహిరంగ ధూమపాన నిషేధం కంటే ఎక్కువగా సిగరెట్టు పెట్టెలపై బొమ్మల హెచ్చరికల గురించి వ్యక్తమైనది. ఈ హెచ్చరికలు 2009 మే 31 నుండి తప్పనిసరి కాగా, 2016 ఏప్రిల్ 1 నుండి పెట్టెపై 85 శాతం స్థలానికి పెరిగాయి. పొగాకు వదిలి ఏమి పండించాలి, దానికి కొనుగోలుదారుడు ఎవరు అన్నది గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతు అడిగే ప్రశ్న. ఈ ప్రశ్న తేలికగా కొట్టివేయదగినది కాదు.

మద్యనిషేధంతో పోలిక

ఆంధ్రప్రదేశ్ ప్రజలకు నిషేధాలు కొత్త కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు ప్రారంభించిన సారా వ్యతిరేకోద్యమం 1992లో రాష్ట్రమంతా వ్యాపించినది. దాని ఫలితంగా 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో మద్యనిషేధం సడలించబడినది. ధూమపాన నిషేధం ఇందుకు భిన్నమైనది. దీని వెనుక వీధిపోరాటం లేదు. న్యాయస్థానాల తీర్పులు, అంతర్జాతీయ ఒప్పందం ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని భారతదేశం 2004 ఫిబ్రవరిలో ధ్రువీకరించినది. అందువలన నిషేధం వచ్చినపుడు విజయోత్సవం గాని, పెద్ద తిరుగుబాటు గాని కనిపించలేదు. అది రద్దు కాకుండా నిలవడానికి కూడా ఇదే ఒక కారణం కావచ్చును.

ఇతర దేశాలలో

పబ్బులతో సహా పనిస్థలాలన్నింటిలో ధూమపానాన్ని దేశవ్యాప్తంగా నిషేధించిన మొదటి దేశం ఐర్లాండు (2004 మార్చి 29). స్కాట్లాండులో 2006 మార్చిలో, ఇంగ్లాండులో 2007 జూలై 1న ఇటువంటి చట్టాలు వచ్చాయి. పబ్బులు మూతబడతాయని అక్కడి యజమానులు భయపడ్డారు. పొగత్రాగేవారు సిగరెట్టు కోసం గుమ్మం బయటకు రావడం అక్కడ కొత్త అలవాటుగా మారినది. ఆంధ్రదేశంలో ఈ బయటి స్థలం ముందునుండే ఉన్నది. అది కిళ్ళీకొట్టు. సిగరెట్టు వెలిగించుకోవడానికి రాజుకుంటున్న కొబ్బరితాడు వేలాడే ఆ కొట్టు ముందు రోడ్డే డెల్టా పట్టణాలలో పొగత్రాగేవారి కూడలి.

అమలు మరియు ఫలితాలు

ప్రపంచ వయోజన పొగాకు సర్వే ప్రకారం దేశంలో పొగాకు వాడే వయోజనులు 2009-10లో 34.6 శాతం ఉండగా, 2016-17 నాటికి 28.6 శాతానికి తగ్గారు. ఇంటిలో ఇతరుల పొగ పీల్చేవారు 52.3 శాతం నుండి 38.7 శాతానికి తగ్గారు. బహిరంగ ప్రదేశాలలో ఈ సంఖ్య 29.0 నుండి 25.7 శాతానికి మాత్రమే తగ్గినది.

చట్టం వర్తించే చోట తగ్గుదల స్వల్పంగా, వర్తించని ఇంటిలో ఎక్కువగా ఉండడం గమనించదగినది. అయినను 2016-17లో కూడా ఇతరుల పొగకు గురైనవారి శాతం బహిరంగ ప్రదేశాలలో కంటే ఇంటిలోనే అధికం. 200 రూపాయల జరిమానా 2003లో నిర్ణయించినది. నేటి ధరలలో దాని భయం తక్కువ. పొగ పీల్చే భార్యకు, పిల్లలకు ఇంటి గోడల మధ్య ఏ బోర్డూ రక్షణ ఇవ్వదు. అక్కడ పనిచేసేది ఇంటివారి మాట, పాఠశాలలో పిల్లలు నేర్చుకొని వచ్చిన పాఠం మాత్రమే.