దయ చూపమన్నవాళ్లే...

బి.ఏ.లో మాకు షేక్స్‌పియర్ ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’ టెక్స్టు. పోర్షియా మగవకీలు వేషంలో కోర్టుకొచ్చి, మాంసం కోసుకోవచ్చు గాని నెత్తురు చుక్క రాలకూడదని మెలిక పెట్టగానే క్లాసులో ఆడపిల్లలమంతా మురిసిపోయేవాళ్లం. అంతమంది మగవాళ్ల మధ్య ఓ ఆడది గెలిచింది మరి! వడ్డీలు తినే షైలాక్‌కి తగిన శాస్తి జరిగిందనుకున్నాం.

మొన్న మా అమ్మాయి అదే నాటకం చదివి, “అమ్మా! దయ గురించి అంత ఉపన్యాసమిచ్చిన ఆవిడ చివరికి చూపించిన దయ ఏదీ?” అంది. జవాబు తోచలేదు. మళ్లీ పుస్తకం తీశాను.

ఆ నాటకం 1596-97 ప్రాంతంలో రాసింది. ఇంగ్లండు నుంచి యూదుల్ని 1290లోనే వెళ్లగొట్టారు. అంచేత బాహాటంగా తన మతం పాటించే యూదుణ్ణి ఆ ప్రేక్షకుల్లో చాలామంది ఎరగరు. విన్నవన్నీ కథలే. దానికి తోడు యూదు వంశంలో పుట్టిన లోపెజ్ అనే రాణీగారి వైద్యుణ్ణి, ఆమెకు విషం పెట్టజూశాడని 1594లో ఉరితీశారు.

ఇక వెనిస్‌లో 1516 నుంచి యూదులంతా ఒకే పేటలో ఉండాలి. రాత్రయితే గేట్లకి తాళాలు. చాలా వృత్తులు వాళ్లకి నిషిద్ధం, వడ్డీ వ్యాపారం మాత్రం చేసుకోవచ్చు. అవసరానికి వాళ్ల గుమ్మమెక్కడం, పని తీరాక ఛీకొట్టడం! నాటకంలో ఆంటోనియో చేసిందీ అదే. షైలాక్ మీద ఉమ్మేసిన నోటితోనే, స్నేహితుడి కోసం మూడువేల డకట్లు అప్పడిగాడు.

కోర్టులో షైలాక్ ఎదురు ప్రశ్న వేస్తాడు. మీరు కొనుక్కున్న బానిసల చేత గాడిద చాకిరీ చేయించుకుంటున్నారే, వాళ్లని వదిలెయ్యమంటే వదులుతారా అని. ఆ ధర్మాత్ముల్లో ఒక్కరూ జవాబు చెప్పరు. గెలిచాక ఆస్తి సంగతి తేల్చడంతో ఊరుకోక, మతం మార్చుకోవాలన్నారు. ఆ షరతు పెట్టింది మన మంచివాడు ఆంటోనియోనే! కాదంటే క్షమాభిక్ష రద్దన్నాడు డ్యూకు.

అలాగని షైలాక్ అమాయకుడేం కాదు. కోర్టులోనే చెప్పు అట్టకి కత్తి నూరుకున్న ఘనుడు.

1814 జనవరి 26న లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో ఎడ్మండ్ కీన్ ఆ పాత్ర వేశాడు. ఆనవాయితీగా వస్తున్న ఎర్రవిగ్గు మానేసి నల్లజుట్టుతో వచ్చాడు. జనానికి విలన్‌లో గాయపడ్డ మనిషి కనిపించాడు. షేక్స్‌పియర్ లేచొచ్చి మాటలు మార్చలేదు, చూసే కన్ను మారిందంతే.

నా కన్ను మారడానికి ఇన్నేళ్లు పట్టింది. “చూపించలేదే తల్లీ!” అన్నాను మా అమ్మాయితో. “నీ వయసులో నేను చప్పట్లు కొట్టాను.”