చెప్పుల కొట్టాయన తారాజువ్వ

దీపావళి మర్నాడు పొద్దున్నే మేడమీదికి వెళితే, ఎవరి తారాజువ్వల పుల్లలో నాలుగైనా కనిపిస్తాయి. ఎవరు వెలిగించారో, ఏ వీధినుంచి వచ్చి పడ్డాయో ఆ దేవుడికే తెలియాలి. పక్కింటివాళ్ళ తాటాకు పందిరి మీద పడింది మాత్రం మనదేనని వాళ్ళు మళ్ళీ దీపావళి దాకా గుర్తు పెట్టుకుంటారు. తారాజువ్వ స్వభావమే అంత. వెళ్ళడమేగాని తిరిగి రావడం దానికి తెలియదు. పైకి వెళ్ళినదాన్ని పువ్వులా కిందికి దించి, బూడిద దులిపి, ఇంకోసారి ఎగరేస్తే ఏం అన్న ఆలోచన మనలో ఎంతమందికి వచ్చిందో నేను చెప్పలేను. అమెరికాలో ఒక చెప్పుల కొట్టాయనకి మాత్రం 1954లో వచ్చింది.

ఆయన పేరు ఆర్విల్ కార్లైల్. నెబ్రాస్కా రాష్ట్రంలో నార్‌ఫోక్ అనే ఊళ్ళో చెప్పుల దుకాణం. వచ్చిన వాళ్ళ కాళ్ళకి కొలత చూసి జోళ్ళు తొడగడం పని, మందుగుండు సామాను చేసుకోవడం సరదా. ఆయన తోడబుట్టిన రాబర్ట్‌కేమో బొమ్మ విమానాల పిచ్చి. రాబర్ట్ రాకెట్టు ఎలా పనిచేస్తుందో నలుగురికీ ఉపన్యాసాలు చెబుతూ, చూపించడానికి ఒక బొమ్మ ఉంటే బాగుండునన్నాడు. ఇద్దరి పిచ్చీ కలిసింది. కాగితం గొట్టం, తేలికైన బాల్సా కర్రతో రెక్కలు, అడుగున అగ్గిపెట్టెలో పుల్లలా దూర్చి, కాలిపోయాక తీసి పారేసే మందు గుళిక. ఆ గుళికలోనే ఉంది అసలు కిటుకంతా. మందు కాలడం అయిపోయిన తరువాత కూడా రాకెట్టు తన ఊపున తాను కొంతసేపు పైకి పోతుంది. ఆ కాస్త సేపూ గుళికలో మరో మందు నెమ్మదిగా, తోపు లేకుండా కాలుతుంది. శిఖరానికి చేరే వేళకి చివర ఉన్న చిటికెడు మందు వెనక్కి కాకుండా ముందుకి పేలి, ముక్కుటోపీని తోసేసి, లోపల మడతపెట్టిన చిన్న గొడుగుని బయటికి నెడుతుంది. ఇహ అది ఊగుతూ ఊగుతూ దిగి వస్తుంది. దీనికి ఆయన 'రాక్-ఎ-చూట్' అని పేరు పెట్టాడు. 1958లో పేటెంటు కూడా వచ్చింది.

కొట్లో కూర్చున్న మనిషి సరదా అక్కడితో ఆగిపోయేదే. కానీ 1957 ఫిబ్రవరిలో ఒక పత్రికలో, న్యూ మెక్సికోలోని వైట్ శాండ్స్ ప్రయోగశాలలో పనిచేసే జి. హ్యారీ స్టైన్ అనే ఆయన, రాకెట్ల దగ్గర ఎంత జాగ్రత్తగా ఉంటామో వివరంగా రాశాడు. అది చదివిన కార్లైల్ ఆయనకి ఉత్తరం రాసి, తను చేసిన బొమ్మలు పంపాడు. స్టైన్ వాటిని అసలు క్షిపణులు ఎగిరే చోటే ఎగరేసి చూసుకుని ముచ్చటపడ్డాడు. ఆయన అంత సంతోషించడానికి కారణం ఉంది. ఆ కారణం పిల్లలున్న ప్రతి తల్లికీ అర్థమవుతుంది.

ఆ సంవత్సరమే అక్టోబరు 4న రష్యావాళ్ళు స్పుత్నిక్ ఎగరేశారు. అమెరికాలో మగపిల్లలందరికీ రాకెట్ల పూనకం వచ్చింది. దొడ్లో, నేలమాళిగలో, వంటింటి వెనక, ఇనప గొట్టం దొరికితే చాలు అందులో అగ్గిపుల్లల మందో, జింకూ గంధకమూ కలిపిన పొడో దట్టించడం, నిప్పు పెట్టడం. వేళ్ళు పోయినవాళ్ళున్నారు, కళ్ళు పోయినవాళ్ళున్నారు, ప్రాణాలు పోయిన పిల్లలూ ఉన్నారు. వద్దంటే వినే వయసు కాదు, కొడితే మానే పిచ్చి కాదు. స్టైన్‌కి కావలసింది పిల్లల్ని మాన్పించే ఉపాయం కాదు, అదే పని వేళ్ళు పోకుండా చేయించే ఉపాయం. అది చెప్పుల కొట్లోంచి పోస్టులో వచ్చింది. మందు కలిపే పని పిల్లలది కాదు, కార్ఖానాది. ఇనుము లేదు, కాగితమూ కర్రా మాత్రమే. నిప్పు చేత్తో పెట్టకూడదు, పదిహేను అడుగుల దూరం నిలబడి కరెంటు తీగతో ముట్టించాలి. అయిదు అంకెలు వెనక్కి లెక్కపెట్టి మరీ ముట్టించాలి. ఈ నియమాలతో ఆ ఏడే ఒక సంఘం పుట్టింది. తరువాత దానికి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ అని పేరు స్థిరపడింది.

ఇనప గొట్టాల వాళ్ళలో గట్టెక్కి పైకొచ్చినవాళ్ళూ లేకపోలేదు. వెస్ట్ వర్జీనియాలో కోల్‌వుడ్ అనే బొగ్గుగనుల ఊళ్ళో హోమర్ హికమ్ అనే కుర్రాడు మొదటి రాకెట్టుతో వాళ్ళమ్మ గులాబితోట కంచె పేల్చేశాడు. తరువాత గని కార్ఖానాలో పెద్దవాళ్ళ సాయంతో ఉక్కు రాకెట్లు చేయించుకుని, జింకు, గంధకం, నాటుసారా కలిపి తయారుచేసిన ఇంధనంతో (అవును, నాటుసారాయే) 1960 నాటికి 31,000 అడుగుల ఎత్తు దాకా పంపాడు. జాతీయ సైన్సు ప్రదర్శనలో బహుమతి తెచ్చుకున్నాడు. పెద్దయి నాసాలో ఉద్యోగం చేశాడు. ముప్ఫై ఏళ్ళు దాటాక ఆ సంగతులు రాయడం మొదలుపెడితే 1998లో 'రాకెట్ బాయిస్' అనే పుస్తకమైంది, మరుసటి ఏడు సినిమా అయింది. అందరూ ఆ సినిమా చూసి కుర్రవాణ్ణి మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ కంచె పేలిన పూట ఆ తల్లి గుండె ఎలా కొట్టుకుందో అనే ధ్యాస.

సరే, మళ్ళీ చెప్పుల కొట్టాయన దగ్గరికి వద్దాం. స్టైన్ డెన్వర్‌లో కంపెనీ పెట్టాడు. కావాలన్నవాళ్ళు వెల్లువగా వచ్చారుగాని కార్లైల్ ఒక్కడూ చేతులతో ఎన్ని గుళికలు కూరగలడు? స్టైన్ ఆ ఊళ్ళోనే మందుగుండు వ్యాపారం చేసే కుటుంబంలోని వెర్న్ ఎస్టెస్ అనే కుర్రాణ్ణి పట్టుకున్నాడు. అతను గాలి ఒత్తిడితో నడిచే యంత్రం తయారుచేశాడు. అయిదున్నర సెకండ్లకి ఒక గుళిక! దానికి మేబెల్ అని ఆడపేరు పెట్టుకున్నాడు. (మగవాళ్ళు పనిచేసే యంత్రానికి ఆడపేరు పెట్టడంలో ఎంత నిజాయితీ ఉందో గమనించారా?) స్టైన్ కంపెనీ ఎక్కువ కాలం నిలవలేదు. మేబెల్ మాత్రం ఆగలేదు. వెర్న్, అతని భార్య గ్లీడా కలిసి పోస్టులో సామాను పంపే వ్యాపారం చేసి, 1961లో కొలరాడోలోనే పెన్‌రోజ్ అనే పల్లెకి మకాం మార్చారు. తరువాతి రెండు మూడు తరాల అమెరికన్ పిల్లలకి రాకెట్టంటే ఎస్టెస్ వాళ్ళ అట్టపెట్టే.

ఇంతకీ ఈ గొడవంతా నాకెందుకు పట్టిందంటారా? మా తమ్ముడి వల్ల. వాడికి ఈ పిచ్చి సూళ్ళూరుపేటలో అంటుకుంది. మా నాన్నగారికి అక్కడ ఉద్యోగం. పులికాట్ సరస్సు అవతల శ్రీహరికోటలో 1971 అక్టోబరులో మొదటి రాకెట్టు లేచినప్పుడు వాడు పన్నెండేళ్ళవాడు. 1980 జూలై 18 పొద్దున్న ఎస్.ఎల్.వి.-3 లేచి రోహిణిని కక్ష్యలో పెట్టిననాడు, కాలేజీలో చదువుతున్నవాడు సెలవు పెట్టి మరీ వచ్చి డాబా ఎక్కాడు. రెండేళ్ళకి అమెరికా వెళ్ళాడు. పెళ్ళి, కొడుకు. కొడుకు పేరు చెప్పి ఎస్టెస్ పెట్టె కొనడం. కొడుకు హైస్కూలు దాటి కారు తాళాలు అడిగే వయసుకి వచ్చాడు. రాకెట్లు అటకెక్కాయి. ఇరవై ఏళ్ళు అక్కడే ఉన్నాయి.

ఉద్యోగం మానేశాక ఒకరోజు అటక దులుపుతూంటే ఆ పెట్టె బయటపడిందిట. అంతే. మళ్ళీ మొదలు. అమెరికాలో ఇలా ఏళ్ళ తరబడి వదిలేసి తిరిగి చేరినవాళ్ళు ఎంతమంది ఉన్నారంటే, వాళ్ళకొక పేరే ఉంది. 'బార్న్ ఎగెయిన్ రాకెటీర్' అంటే మళ్ళీ పుట్టిన రాకెట్టువాడు. ముద్దుగా బార్ అంటారు. మరదలు ఫోనులో "వదినగారూ, మీ తమ్ముడు బార్ అయిపోయారండీ" అన్నప్పుడు నేను కుర్చీలో కూలబడ్డాను. వివరం చెప్పేదాకా నాకు ఊపిరి ఆడలేదు.

నేను వేసవికి వెళ్ళేసరికి భోజనాల బల్ల మీద జిగురు సీసాలు, బాల్సా చెక్కలు, ఉప్పుకాగితం. మేం సింకు దగ్గర నిలబడి తిన్నాం. అటకమీది పాత గుళికల్ని మాత్రం వాడనివ్వలేదని మరదలు చెప్పింది. మనం చెమ్మెక్కిన తారాజువ్వల్ని ఎండలో ఆరబెట్టుకుని కాల్చుకుంటాం. వీటి సంగతి వేరట. అటకమీద ఎండాకాలం వేడికి, చలికాలం చలికి గట్టిపరిచిన మందు గొట్టాన్ని వదిలేసి సందు పడుతుంది. ఆ సందులోకి మంట పోతే ఒక్కసారిగా అంతా అంటుకుని రాకెట్టు చీలిపోతుంది. అందుకని బకెట్ నీళ్ళలో నానబెట్టి, ముద్దయిపోయాక పారేశారు. ఇరవై ఏళ్ళు దాచుకున్న వాటిని అలా నానబెట్టడం చూస్తూ వాడు ఆ పూటంతా మాట్లాడలేదుట.

గుళికల మీద ఇంగ్లీషు అక్షరాలుంటాయి. ఎ కంటే బి రెండింతలు, బి కంటే సి రెండింతలు. తమ్ముడు న్యూటన్లూ సెకండ్లూ అంటూ చెప్పబోతే నేనన్నాను: "ఒరేయ్, మన అమ్మమ్మ కొలతలే కదరా! రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం." వాడు పకపకా నవ్వి, అప్పటినుంచి సి గుళికని మానిక అంటున్నాడు.

తిరిగి వచ్చినవాళ్ళకి తాము వదిలివెళ్ళిన ఊరు అక్కడ ఉండదు. గుళికలు సి, డి దగ్గర ఆగేవి, ఇప్పుడు అక్షరమాలలో చాలా దూరం పోయాయి. అంతరిక్ష నౌక పక్కన బూస్టర్లలో వాడిన జాతి ఇంధనమే వీటిలోనూ వాడుతున్నారు. వాటికి పరీక్షలు, మూడు మెట్ల అర్హతలు. ఆ ఇంధనం పేలుడు పదార్థమా కాదా అని రాకెట్టు సంఘాలు రెండూ ప్రభుత్వశాఖ మీద 2000లో దావా వేసి, తొమ్మిదేళ్ళు పోరాడి 2009 మార్చిలో గెలిచాయి. ఎంత ఎత్తు వెళుతుందో ముందే కంప్యూటరు చెప్పేస్తుంది, ఎంత ఎత్తు వెళ్ళిందో రాకెట్టులోని బొటనవేలంత పరికరం తరువాత చెబుతుంది. ఇదివరకు వీళ్ళు మెడలు వాల్చి, కోణాలు కొలిచి లెక్కలు కట్టేవాళ్ళు. మెడనొప్పి తగ్గింది, వాదించుకునే సరదా కూడా కాస్త తగ్గినట్టుంది.

ఆదివారం డెన్వర్ బయట గడ్డిమైదానానికి వెళ్ళాం. మడతకుర్చీలు, మంచినీళ్ళ డబ్బాలు, నెరిసిన తలలు, వాళ్ళ చేతులు పట్టుకున్న మనవలు. ఒక ముసలాయన నేను చీరకట్టుకోవడం చూసి, రాకెట్లు ఇండియావాళ్ళకి కొత్తగా ఉంటాయేమో అన్నట్టు మర్యాదగా వివరించబోయాడు. నాకు రోషం వచ్చింది. 1780లో మా గుంటూరునుంచి బయల్దేరిన కల్నల్ బెయిలీ పటాలాన్ని కంచి దగ్గర పొల్లిలూరులో మైసూరువాళ్ళు ఇనప గొట్టాల రాకెట్లతోనే హడలెత్తించారనీ, 1799లో శ్రీరంగపట్నం పడ్డాక వాటిని ఇంగ్లండు పట్టుకుపోయి చూసుకునే కాంగ్రీవ్ తన రాకెట్లు చేశాడనీ, 1814లో మీ బాల్టిమోర్ కోట మీద పడినవీ, మీ జాతీయగీతంలోకి ఎక్కినవీ అవేననీ వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఆయన టోపీ తీసి దణ్ణం పెట్టాడు. మంచివాడు.

ఈ మనుషుల్లో పట్టుదల ఎంతదో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. జాన్ లాంగ్‌ఫర్డ్ అని ఒకాయన, చిన్నప్పుడు ఈ రాకెట్లు ఎగరేసిన పిల్లల్లో ఒకడు. పెద్దయ్యాక, మనిషి కాళ్ళతో తొక్కితే ఎగిరే విమానం 'డెడలస్' జట్టుని నడిపాడు. 1988లో అది క్రీటు దీవినుంచి సముద్రం మీదుగా 115 కిలోమీటర్లు ఎగిరింది. తరువాత విమానాల కంపెనీ పెట్టి నడిపాడు. 2018 జనవరిలో ఆయన కుటుంబం ఎస్టెస్ కంపెనీనే కొనేసింది. చిన్నప్పుడు పెట్టె కొనుక్కున్న కొట్టునే పెద్దయ్యాక కొనుక్కోవడమన్న మాట!

మైదానంలో కూర్చుని నేనొకటి లెక్కపెట్టాను. తిరిగి వచ్చిన బార్‌లలో ఆడవాళ్ళు నా కంటికి ఇద్దరే కనబడ్డారు. మిగతావాళ్ళ భార్యలు సాండ్‌విచ్‌లు పంచుతున్నారు. మగవాడు ఇరవై ఏళ్ళు వదిలేసిన సరదాకి తిరిగి వస్తే సంఘం ఉంది, మైదానం ఉంది, పేరుంది. నా పక్కన కూర్చున్న మరదలు పెళ్ళికి ముందు విజయనగరంలో వీణ వాయించేది. బొబ్బిలి వీణ, వాళ్ళ నాన్నగారు చేయించి ఇచ్చింది, ఓడలో అమెరికా వచ్చింది. తమ్ముడి రాకెట్ల పెట్టె ఉన్న అటకమీదే, దుప్పటి చుట్టి, ఇంకా పాతకాలం నుంచి ఉంది. దాన్ని దింపారా అని అడిగాను. "ఆయన పెట్టె తీయడానికి అడ్డమొచ్చిందని పక్కకి జరిపారు వదినగారూ" అంది, నవ్వుతూనే.

తమ్ముడి వంతు వచ్చింది. అయిదు, నాలుగు, మూడు అని పిల్లలంతా అరిచారు. బుస్సుమని లేచింది, మానిక మందుతో. చుక్కయింది. మాయమైంది. టప్‌మని చిన్న చప్పుడు, ఎర్రగొడుగు విచ్చుకుంది. అరవై దాటిన మా తమ్ముడు సూళ్ళూరుపేట డాబామీది పిల్లాడిలా దాని వెనక గడ్డిలో పడి పరిగెత్తాడు.

కిందటి నెల మరదలు ఫోను చేసింది. "ఎవరైనా ఇటు వస్తూంటే వీణకి తీగల సెట్టు ఒకటి పంపండి. మేళం మైనం కూడా పగిలిపోయింది. ఇక్కడ కట్టేవాళ్ళున్నారో లేదో కనుక్కుంటున్నాను." భోజనాల బల్ల సంగతేమిటని అడిగాను. సగం తనకిమ్మన్నదిట.